నెయ్యి ఎవరు వడ్డించాలి

మొన్నటి వేసవిలో కొన్ని వారాలపాటు నేను రోజూ పొద్దున్నే మా కాలనీ పార్కుకు వెళ్ళి నీడ కొలిచాను. మా అపార్ట్‌మెంటు అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య, మెట్రో లైను నుంచి కాస్త లోపలికి ఉంటుంది. దాని వెనక గోడను ఆనుకునే పార్కు. పెద్దదేమీ కాదు. కొన్ని వేపచెట్లు, రెండు కానుగలు, సిమెంటు బెంచీలు, మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడి గడ్డి మొలవకుండా చేసిన ఖాళీ జాగా. పొద్దునపూట మా అయిదంతస్తుల బిల్డింగు నీడ ఆ జాగా మీద పడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ గోడవైపు వెనక్కి జరుగుతుంది. ఏ వేళకు ఎక్కడిదాకా జరుగుతుందో తెలిస్తే భోజనాల బంతులు ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. అందుకని అప్పుడప్పుడూ వెళ్ళి నీడ అంచున ఒక ఇటుకముక్క పెట్టి, ఇంటికి వచ్చి డైరీలో రాసుకునేవాణ్ణి.

డైరీ అలవాటు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఉంది. లక్డీకాపూల్‌లో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాక అందులో రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. పాలు ఆలస్యంగా వచ్చాయనో, లిఫ్టు ఆగిపోయిందనో రాసి మూసేసేవాణ్ణి. ఆ వేసవిలో మాత్రం పేజీ చాలలేదు. రాసి కూర్చుంటే కాలు నిలిచేది కాదు. మళ్ళీ చెప్పులు వేసుకుని పార్కుకు పోయేవాణ్ణి.

"అక్కడ నీడేమైనా పారిపోతుందా? వచ్చి టిఫిన్ తినండి" అనేది మా ఆవిడ బాల్కనీలోంచి.

పారిపోతుందనే కదా నా బాధ.

ఒకరోజు కాలనీ సంఘం కార్యదర్శిగారు వాకింగ్ ఆపి నా దగ్గరికి వచ్చారు. ఇటుకముక్కల వరస చూసి, మా బిల్డింగువాళ్ళు పార్కులోకి గోడ జరపబోతున్నారని కాలనీలో అనుకుంటున్నారని మెల్లగా చెప్పారు. అమ్మాయి పెళ్ళికని చెప్పాను. ఆయన ముఖం తేటపడింది. వెంటనే మళ్ళీ ముడుచుకుంది. మే నెలలో, బయట, పెళ్ళా అని. అయినా పార్కు వాడుకోవడానికి అక్కడికక్కడే ఒప్పుకున్నారు. గోడ కట్టడం కంటే పెళ్ళి చెయ్యడం నయమనుకుని ఉంటారు.

ఆయన అడిగిన ప్రశ్నే నేనూ మా అమ్మాయిని చాలాసార్లు అడిగాను. తను హైటెక్ సిటీ వైపు ఒక ఆఫీసులో పనిచేస్తుంది. అబ్బాయి కూడా అక్కడే. వాళ్ళది సనత్‌నగర్. తండ్రికి అక్కడ చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. మేము కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డవాళ్ళం, వాళ్ళు తరాలుగా ఇక్కడివాళ్ళు. ఇరుపక్కలా ఎవరికీ అభ్యంతరం లేదు. పెళ్ళి ఎలా చెయ్యాలన్నదొక్కటే మా అమ్మాయి తన చేతిలో పెట్టుకుంది. దగ్గరివాళ్ళే ఉండాలి, స్టేజీ, లైట్లు, క్యూలో నిలబడి ఫొటోలు వద్దు. పెళ్ళి పొద్దున్నే అయిపోవాలి. భోజనాలు బఫే కాదు, బంతులు వెయ్యాలి, మన ఇంటివాళ్ళే వడ్డించాలి. నెయ్యి మామయ్య వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, పెళ్ళి ఈ వేసవిలోనే కావాలి.

మొదట హాళ్ళు చూశాం. పంజాగుట్టలో ఒక హాలు మేనేజరు, వంటా వడ్డనా తమ మనుషులే చేస్తారనీ, బయటివాళ్ళను వంటగది వైపు రానివ్వమనీ చెప్పాడు. రెండోచోటా అదే మాట. మా అమ్మాయి మేనేజరుకు నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. మెట్లు దిగుతూ మన పార్కులో చేద్దాం నాన్నా అంది. సరే, పార్కులోనే చేద్దాం, కార్తీకమాసం దాకా ఆగుదాం, అప్పటికి చల్లబడుతుంది అన్నాను. వద్దంది. కారణం అడిగితే ఆఫీసులో సెలవులు అంది. సెలవులు కార్తీకంలోనూ దొరుకుతాయి. ఆ జవాబు నాకు చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

ఇక మామయ్య సంగతి చెప్పాలి. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. విద్యుత్ శాఖలో పనిచేసి నా తర్వాత రిటైరయ్యాడు. భార్యతో శ్రీనగర్ కాలనీలో ఉంటాడు. మా బంధువుల ఇళ్ళల్లో జరిగిన పెళ్ళిళ్ళన్నిటిలోనూ వడ్డన అతనిదే. తలంబ్రాలు పడుతుండగానే అతను పందిట్లో కనిపించడు. నడుముకు తువ్వాలు బిగించి వంటల దగ్గర ఉంటాడు. ఎవరికి ఏది ఎక్కువ ఇష్టమో, ఎవరికి షుగరో, ఎవరు మొహమాటపడి లేచిపోతారో అన్నీ అతనికి తెలుసు. కూరలు, పులిహోర, పప్పు ఎవరికైనా అప్పజెబుతాడు కాని నేతి చెంబు మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వడు. కుడిచేత్తో గరిటె వంచితే ధార తెగకుండా పప్పన్నం నడిమధ్యలో పడేది. విస్తరి మీద ఇంకెక్కడా జిడ్డు అంటేది కాదు. అందరి భోజనాలూ అయ్యాక చివరి బంతిలో వంటవాళ్ళతో కలిసి తినేవాడు. మా అమ్మాయి చిన్నప్పుడు అతని వెనకాలే ఉప్పు గిన్నె పట్టుకుని తిరిగేది.

నెల రోజుల ముందు మా వియ్యంకులు మాట్లాడుకుందామని వచ్చారు. మా బావమరిదినీ రమ్మన్నాను. వియ్యంకులు స్కూటర్ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు.

"గింత ఎండల బయట పెడ్తున్రు బావగారూ. మావోళ్ళు వర్క్‌షాపు వేడిల పెరిగినోళ్ళు, మాకేం ఫికర్ లేదు. మీరే తట్టుకుంటరా?"

నేను నీడ సంగతి వివరించాను. డైరీ తెచ్చి చూపించాను కూడా. ఆయన మర్యాదగా చూశారు. తర్వాత, తమ ఇళ్ళల్లో కూడా ఒకప్పుడు గల్లీలోనే పందిరి వేసి పెళ్ళిళ్ళు చేసేవారని, ఇప్పుడు అందరూ హాళ్ళకు పోతున్నారని చెప్పారు. తమవైపు మాంసం భోజనాలు మర్నాడు సనత్‌నగర్‌లో పెట్టుకుంటామన్నారు. వడ్డనకు తమ పిల్లలు కూడా వస్తారన్నారు. ఊరికే కూర్చుని తింటే మొహమాటంగా ఉంటుందట. ఎవరు ఏ వరసలో ఏది తేవాలో వాళ్ళకేం తెలుస్తుందని నాకు గుబులు పట్టింది. మా బావమరిది మాత్రం, నేర్పిద్దాం, అదేమంత బ్రహ్మవిద్య కాదు అన్నాడు.

అందరికీ టీలు వచ్చాయి. మాటల్లో పడి నేనూ తాగేశాను. కప్పు కింద పెట్టేటప్పుడు చూస్తే మా బావమరిది టీ మీద మీగడ కట్టి ఉంది. తాగడేం అనుకున్నాను. వియ్యంకులు వెళ్ళాక అతను కప్పు పట్టుకోకుండా సాసరుతో సహా రెండుచేతులా ఎత్తి వంటింట్లోకి తీసుకెళ్ళాడు. గుమ్మంలోంచి కనిపించింది. స్టీలు గ్లాసులోకి ఒంపుకుని, గోడవైపు తిరిగి, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు. సాసరు చప్పుడు హాల్లోకి వినిపించింది.

సాయంత్రం అతన్ని పంజాగుట్ట చౌరస్తా దాకా దింపుతానని బయల్దేరాను. మెట్రో స్తంభాల కింద నడుస్తున్నాం. హాస్టలు పిల్లలు క్లాసులు వదిలి గుంపులుగా వస్తున్నారు. కోచింగ్ సెంటరు కాగితాలు పంచే ఒకతను మమ్మల్ని చూసి కూడా ఆగకుండా మా బావమరిది చేతిలో ఒక కాగితం పెట్టేసి పోయాడు. మేమిద్దరం ఇప్పుడు కంప్యూటరు నేర్చుకుని ఏ ఉద్యోగంలో చేరాలో అని నవ్వబోయాను. గాలి ఆకు కదిలేంత కూడా లేదు. అతని చేతిలో కాగితం మాత్రం టపటపలాడుతోంది.

ఎప్పటినుంచి అని అడిగాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. వేళ్ళకు జేబు దొరకలేదు.

"కిందటి దసరా దగ్గర్నుంచి. మందులు వేసుకుంటున్నాను. తగ్గేది కాదుట బావా, పెరిగేదేనట. ఎంత తొందరగా అన్నది డాక్టరు కూడా చెప్పలేనన్నాడు."

మా ఇద్దరి పక్కనుంచి జనం దాటిపోతున్నారు. స్తంభం వారగా నిలబడ్డాం.

"అక్కకి చెప్పకు. పెళ్ళయ్యాక నేనే చెబుతాను. ఇప్పుడు చెబితే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి విసనకర్రతో విసురుతుంది."

నేను నాకు తోచిన పరిష్కారం చెప్పాను. నెయ్యి బదులు ఇంకేదైనా తీసుకోవచ్చు కదా, ఒలకనిది. బూరెలో, అప్పడాలో.

"అప్పడాలు ఎవడైనా వేస్తాడు. నెయ్యి వచ్చేసరికి మాటలాపి అందరూ తలెత్తి చూస్తారు. ఆ చూపు కోసమే కదా బావా ఇన్నేళ్ళూ చల్లారిపోయిన అన్నం తిన్నది" అన్నాడు. కొంచెం ఆగి, "చలికాలం పెళ్ళైతే బాగుండేది. నెయ్యి పేరుకుని ఉంటుంది. ఎంత వణికినా ఒలికి చావదు" అని తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆటో ఎక్కించి వెనక్కి వచ్చాను. దారి పొడుగునా నా బుర్ర ఒకటే లెక్క వేస్తోంది. బంతిలో మొదటివాళ్ళు వియ్యాలవారు. తెల్లబట్టలు, పట్టుచీరలు. వేసవి నెయ్యి నీళ్ళలా ఉంటుంది. అతను అందరి ముందూ ఒలికిస్తాడు. అందరూ తలెత్తి చూస్తారు. తను కోరుకునే చూపే, ఈసారి వేరే రకంగా. బంధువుల్లో జాలిమాటలు మొదలవుతాయి. అతను ఆ తర్వాత ఇంకే పెళ్ళికీ రాడు. ఇది జరగకూడదు. జరగకుండా చూడటం నా పని. ఆఫీసులో ఏ ఫైలు ఎక్కడ ఆగిపోతుందో ముందే కనిపెట్టి దారి మళ్ళించడంలో నాకు మంచి పేరుండేది.

మొదట గాలిని వాడుకున్నాను. ఒక పొద్దున వేపాకులు రాలేంత గాలి వీచింది. అదే అదనుగా, విస్తళ్ళు ఎగిరిపోతాయి, బఫే పెడదామని ఇంట్లో అన్నాను. మా అమ్మాయి ఆఫీసుకు బయల్దేరుతూ, నిలబడి పళ్ళెం పట్టుకుంటే అందులో అప్పడం ఎగరదా నాన్నా అని అడిగి లిఫ్టు ఎక్కేసింది. తర్వాత రెండు రోజులు ఇంకో ఉపాయం కోసం ఇల్లంతా తిరిగాను. పేపరు చదవలేకపోయాను. నీడ కొలవడానికి వెళ్ళి, ఇటుకముక్క చేత్తో పట్టుకుని, దాన్ని ఎందుకు తెచ్చానో మరిచిపోయి నిలబడ్డాను.

మూడోరోజు అమీర్‌పేట మార్కెట్‌కు వెళ్ళి ఆకుదొన్నెలు తెచ్చాను. అరచేతిలో ఇమిడేంతవి. నా పథకం ఇది. ప్రతి విస్తరి పక్కనా నెయ్యి పోసిన దొన్నె ముందుగానే పెట్టి ఉంచుతాం. ఎవరికి ఎంత కావాలో వాళ్ళే వేసుకుంటారు. వడ్డించేవాళ్ళకు శ్రమ లేదు, షుగరువాళ్ళకు మొహమాటం లేదు. మా ఆవిడకు ఎంతో నచ్చింది. మీ బుర్ర ఇన్నాళ్ళకు ఇంటికి పనికొచ్చిందని మెచ్చుకుంది. ఆ సంబరంలోనే తమ్ముడికి ఫోను చేసి చెప్పేసింది. నేను పక్కనే ఉన్నాను. అవతల అతను ఏమన్నాడని అడిగాను.

"బాగుంది అక్కా అన్నాడు. అంతే."

ఆ వారం అతను మా ఇంటికి రాలేదు. మామూలుగా రెండు రోజులకోసారి వచ్చేవాడు. ఫోను చేస్తే అతని భార్య తీసి, పడుకున్నారు అన్నయ్యగారూ అని చెప్పేది. పొద్దున చేసినా పడుకున్నారు, సాయంత్రం చేసినా పడుకున్నారు. వంటవాళ్ళతో మాట్లాడాల్సిన రోజు వచ్చింది. రాలేనని కబురు పంపాడు. ఎన్ని పెళ్ళిళ్ళు చేశామో, వంటవాళ్ళతో మాటలకు అతను రాకపోవడం అదే మొదటిసారి. గాడిపొయ్యి ఎక్కడ తవ్వాలని వాళ్ళడిగితే నేను తెల్లముఖం వేశాను.

ఆ ఆదివారం పొద్దున పార్కులో ఉంటే మా అమ్మాయి వచ్చింది. రాత్రి వేసుకున్న బట్టలతోనే, జుట్టు ముడివేసుకుని. వచ్చీ రాగానే నా ఇటుకముక్కలను చూసి, వాటి పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఆ దొన్నెల ఆలోచన ఎవరిది నాన్నా?"

నాదేనన్నాను. వడ్డన తేలికవుతుందని.

"మామయ్య చెయ్యి సంగతి నీకు తెలుసు కదూ."

నేను ఇటుకముక్క కింద పెట్టాను. నీకెలా తెలుసన్నాను. తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందట. అత్తయ్య ఊళ్ళో లేని రోజున, చెయ్యి మాట వినడం లేదని మామయ్య తనకు ఫోను చేశాడట. రిపోర్టులన్నీ తన ఫోనులోనే ఉన్నాయట. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడట. నా దగ్గర తీసుకున్నట్టే.

"కార్తీకం దాకా ఆగుదామన్నావు. అప్పటికి ఆ చెయ్యి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? హాల్లో చేద్దామన్నావు. హాల్లో మామయ్యని గరిటె ముట్టుకోనిస్తారా? నా పెళ్ళిలో మామయ్య నెయ్యి వెయ్యాలి. నాకు కావలసింది అదొక్కటే. మిగతావన్నీ మీ ఇష్టానికే వదిలేశాను కదా."

వదల్లేదని నాకు తెలుసు. కాని ఆ మాట అనే సమయం కాదది. వేసవీ, పార్కూ, బంతులూ, నేను చెప్పులో రాయిలా మోసుకు తిరిగిన ఆ సెలవుల జవాబూ అన్నీ ఒక్క దెబ్బకు అర్థమయ్యాయి. పెళ్ళికొడుకు తర్వాత ఆ పెళ్ళి ముహూర్తానికి ముఖ్యమైనవాడు నేతి చెంబు పట్టుకునే మనిషి. ఒలికితే అతనికే అవమానం కదా అన్నాను.

"ఒలికితే ఒలుకుతుంది. ఒలక్కుండా చూడమని నిన్నెవరడిగారు?"

తను లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నీడ ఎక్కడిదాకా వచ్చిందో నా డైరీలో లేదు.

టిఫిన్ అవగానే శ్రీనగర్ కాలనీకి బయల్దేరాను. ఆటోలో కూర్చుని ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఏ వాక్యమూ సరిగ్గా కుదరలేదు. నీ చేతి మీద నమ్మకం లేక దొన్నెలు తెచ్చానని చెప్పలేను. నమ్మకం ఉందని చెబితే అబద్ధం. తలుపు అతనే తీశాడు. డైనింగ్ టేబుల్ మీద కంచాలు వరసగా పెట్టి ఉన్నాయి. ప్రతి కంచంలోనూ కాస్త నీళ్ళు. టేబుల్ మీద పరిచిన పాతగుడ్డ తడిసి ఉంది. చెంబూ, గరిటే చివర ఉన్నాయి. అతను నా ముఖం చూడకుండా కంచాలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. అవి గణగణమన్నాయి.

"దొన్నెలు తెచ్చావటగా" అన్నాడు.

పెరుగువడలకు తెచ్చానన్నాను. ఆవడలు విస్తట్లో వేస్తే పెరుగు పారుతుంది, దొన్నెలో అయితే నిలుస్తుంది. నేతికని మీ అక్క పొరబడింది. 

అతను పేర్చడం ఆపి నన్ను చూశాడు. నేను అబద్ధం చెప్పలేనని అతనికి ముప్పై ఏళ్ళుగా తెలుసు. 

"మెనూలో ఆవడలు లేవు బావా."

ఇప్పుడు చేర్చానన్నాను. అతను చెంబు ఎత్తి లోపల పెట్టి వచ్చాడు. తర్వాత, ఆవడలకు మినప్పప్పు ముందురోజు సాయంత్రమే నానబెట్టాలనీ, ఎండకు పెరుగు పులిసిపోతుంది కనుక తోడు చివర్లో వెయ్యాలనీ, గాడిపొయ్యి కానుగల వైపు తవ్వితే పొగ బంతుల మీదికి వస్తుంది, గోడ అవతల మూలకు తవ్వించమనీ గడగడా చెప్పాడు. నేను రాసుకున్నాను. ఆవడలు చేర్చినందుకు మా ఆవిడ వారంపాటు నన్ను సాధించింది.

పెళ్ళి ముందురోజు సాయంత్రం మబ్బు పట్టింది. పార్కుకూ ఇంటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. చినుకులు రాలి ఆగిపోయాయి. మర్నాడు ఆకాశం తేటగా ఉంది. తాటాకు పందిట్లో, ఎండ ఇంకా మెట్రో స్తంభాల అవతలే ఉండగా, జీలకర్ర బెల్లం పెట్టించారు పంతులుగారు. అంతకుముందు మేనమామే మా అమ్మాయిని చెయ్యి పట్టి తీసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాడు. అమ్మాయి తన రెండో చెయ్యి అతని చెయ్యి మీద వేసి గట్టిగా నొక్కి పట్టుకోవడం నేను చూశాను. నాతోపాటు చూసినవాళ్ళకు అది పెళ్ళికూతురి బెదురులా కనిపించి ఉంటుంది. తలంబ్రాలు మొదలయ్యేసరికి అతను పందిట్లో లేడు.

బంతులు నేను గుర్తు పెట్టిన నీడలోనే వేశారు. వియ్యంకుల పిల్లలు చెప్పిన వరసలో కూరలు, పులిహోర, బూరెలు తెచ్చి వడ్డించారు. గాలికి విస్తరి చివరలు లేస్తుంటే మంచినీళ్ళ గ్లాసులు బరువు పెట్టారు. అన్నం పడింది. పప్పు పడింది. నేను గోడవారగా నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాను. మా ఆవిడ అవతలి వరసలో ఆవకాయ వేస్తూ, ఒకచోట నిలబడండి, కళ్ళు తిరుగుతున్నాయి అంది.

మా బావమరిది నేతి చెంబుతో వచ్చాడు. నడుముకు తువ్వాలు. మాటలు తగ్గాయి. అందరూ తలెత్తారు. వరసలో మొదట మా వియ్యంకులు, మడత నలగని తెల్లచొక్కాలో. గరిటె చెంబులో ముంచి ఎత్తేటప్పుడే అంచుకు తగిలి టకటకమంది. సగం పప్పన్నం మీద పడింది. మిగతా సగం వియ్యంకుల మణికట్టు మీదుగా చొక్కా చేతి మీదికి పాకింది. పసుపుపచ్చటి మరక నా కళ్ళముందే పెద్దదయింది.

మా బావమరిది కదలకుండా నిలబడిపోయాడు. పందిట్లోంచి మా అమ్మాయి పెళ్ళిపీటల మీద కూర్చునే ఇటు చూస్తోంది. ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళం ఒక్కరమూ నోరు విప్పలేకపోయాం. ఏమన్నా అది జాలిగానే ఉంటుందని భయం.

వియ్యంకులకు ఏమీ తెలియదు. ఆయన మణికట్టు మీది నెయ్యి నాకి, విస్తరి కాస్త ముందుకు జరిపారు.

"ఆంధ్రోళ్ళ పెండ్లిల నెయ్యి సుక్కలు సుక్కలు ఏస్తరని మావోళ్ళు మస్తు భయపెట్టిన్రు. గిట్ల చొక్కాల దాంక పోస్తరని ఎవ్వలు చెప్పలే. ఇంగో గరిటె పొయ్యండి జర."

పక్కనున్న ఆయన తమ్ముడు, అన్నకే పోస్తే ఎట్ల, నా చొక్కా సుత కొత్తదే అన్నాడు. వరసంతా నవ్వింది. మా బావమరిది కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇంకో గరిటె పోశాడు. అదీ కొంత ఒలికింది. దాన్నెవరూ పట్టించుకోలేదు. మా ఆవిడ మాత్రం ఆవకాయ గిన్నె పట్టుకుని తమ్ముడి చెయ్యి వైపు చూస్తూ, చెంబు బాగా కాలుతున్నట్టుందిరా, తువ్వాలుతో పట్టుకో అంది. నిజంగా అలాగే అనుకుందో, అందరూ వినాలని అందో నాకు తెలియదు. తర్వాత అతను ఆవిడకు అంతా చెప్పాడని తెలుసు. ఆ మాట మాత్రం ఆవిడ నా దగ్గర ఇప్పటిదాకా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

అతను ముందుకు కదిలాడు. ఒక్కొక్క విస్తరి దగ్గరా ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పోస్తున్నాడు. కొందరికి పప్పు మీద, కొందరికి పులిహోర మీద. వియ్యాలవారి వరసంతా అయింది. మా వైపు వరస మొదలయింది. నా కళ్ళు గరిటె మీదే ఉన్నాయి. వరస సగంలో అతని భుజం దిగింది. చెమట కారుతోంది. చెంబు పిల్లవాళ్ళకెవరికైనా ఇస్తాడనుకున్నాను. అతను ఆగి, చుట్టూ చూసి, నన్ను పట్టుకున్నాడు.

"బావా, ఇలా రా. ఇది పట్టుకో."

నేను ఏ పెళ్ళిలోనూ వడ్డించినవాణ్ణి కాను. గుమ్మం దగ్గర తాళంచెవులతో నిలబడటం నా పని. నాకు రాదన్నాను.

"ఎవరికీ రాదు. పట్టుకో."

చెంబు నిజంగానే కాలుతోంది. మొదటి విస్తరి దగ్గర వంగాను. ఎంత వెయ్యాలో తెలియక భయపడి రెండు చుక్కలు వేశాను. వెనకనుంచి అతని గొంతు వినబడింది.

"మందు వేస్తున్నావా? గరిటె నిండా ముంచు. చెంబు కాదు, గరిటె వంచు. ధార చూడు, మనిషి ముఖం చూడకు."

మళ్ళీ ముంచాను. ధార కుదరలేదు. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ నా భుజం వెనకే నడుస్తున్నాడు. ఒక్కొక్క విస్తరి దగ్గరా ఏదో ఒక తప్పు పడుతున్నాడు. నాలుగు విస్తళ్ళు దాటేసరికి నా నడుం పట్టేసింది. ఇంకా ఎంతమంది ఉన్నారో చూద్దామని తలెత్తాను.

"లెక్కపెట్టకు బావా. అన్నం చల్లారిపోతోంది, నడు."